వేగిస నీళ్ళు

సెప్టెంబరు 9

చెయ్యి ఇంకా వణుకుతోంది. కాలేజీ పిల్లల రికార్డుల్లో ఇలాంటి రాత కనిపిస్తే నేనైతే సంతకం పెట్టకుండా వెనక్కి విసిరేస్తా.

నిన్న మైథిలి బస్సులో పడిపోయింది. విజయవాడలో డాక్టరుకి చూపించుకుని జగ్గయ్యపేట తిరిగొస్తున్నాం. బస్టాండులో ఇడ్లీ చెప్పి, తినే ముందు వెయ్యాల్సిన ఇన్సులిన్ ఆ బల్ల దగ్గరే వేసేశా. ఇడ్లీ రాలేదు, బస్సు మాత్రం కదిలింది. పరిగెత్తి ఎక్కేశాం. ఇంటికెళ్ళి తినొచ్చులే అనుకున్నా. రెండేళ్ళుగా పిల్లకి సూది వేస్తున్న తల్లిని, వేశాక తినకపోతే ఏమవుతుందో తెలియనిదాన్నా? తెలుసు. అయినా అనుకున్నా.

ఇబ్రహీంపట్నం దాటాక "అమ్మా, అందరూ ఇద్దరిద్దరుగా కనబడుతున్నారు" అంది. ఒళ్ళంతా చెమట. పరిటాల ఆంజనేయస్వామి కనబడేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయిగానీ వాటిలో చూపు లేదు. అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. నా సంచిలో బిస్కట్లున్నాయి, ఆ సంగతీ గుర్తు రాలేదు.

కండక్టరు పరిగెత్తుకొచ్చాడు. "షుగర్ పాపా అండీ?" అన్నాడు. నా జవాబు కోసం ఆగలేదు. బస్సు ఆపించి, తన సంచిలోంచి గ్లూకోజు పొట్లం తీసి చింపి, తడివేలితో దాని చిగుళ్ళకి రాశాడు. రాస్తూ "మింగు తల్లీ, కొంచెం మింగు" అంటూనే ఉన్నాడు. కంచికచర్ల వచ్చేసరికి పిల్ల లేచి కూర్చుని నీళ్ళడిగింది.

అతని పేరు ప్రేమదాసు. ఊరు వీరులపాడు. కూతురు నిస్సీకి ఎనిమిదేళ్ళు, దానికీ ఇదే జబ్బు. "ఈ పొట్లం లేకుండా డ్యూటీ ఎక్కనండి నేను" అన్నాడు. దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపాడు.

నా చేత్తోనే పొడిచా. అది తప్ప ఇంకేం తోచడం లేదు. నా చేత్తోనే.

సెప్టెంబరు 10

పొద్దున ఇన్సులిన్ పెన్ను మీద అంకె తిప్పా, మళ్ళీ వెనక్కి తిప్పా. డాక్టరు చెప్పినదానికంటే తగ్గించి వేశా. మందు ఎక్కువైతే పిల్ల నా కళ్ళముందే పోతుంది. తక్కువైతే మెల్లగా కదా, చూసుకోవచ్చు. ఇలా బేరం పెట్టుకునే తల్లి ఇంకెక్కడైనా ఉంటుందా?

సెప్టెంబరు 12

"నేను వేసుకుంటాలే అమ్మా, నీ చెయ్యి వణుకుతోంది" అంది. వద్దన్నా. కోపంగానే అన్నా. తొమ్మిదో తరగతి పిల్ల, దానికి నేను భయపడేది కనబడకూడదు.

సెప్టెంబరు 14

అత్తయ్యగారు ఇవాళ నాకు క్లాసు పీకారు. "నీరజా, అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే దేవుడు దిగిరాడు. ఏగిస చెక్క గ్లాసు తెప్పించు. రాత్రి నీళ్ళు పోసిపెట్టి పొద్దున పరగడుపున తాగిస్తే చాలు. నా షుగరు దేంతో అణిగిందనుకున్నావు?" అన్నారు. మా అత్తయ్య జ్ఞానప్రసూనాంబగారి షుగరు పూటపూటా మింగే మాత్రలతో అణిగింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆవిడకి తప్ప.

పైగా ఆవిడది వేరు, మైథిలిది వేరు. ఆవిడ ఒంట్లో ఇన్సులిన్ ఉంది, సరిగ్గా పనిచేయదు. పిల్ల ఒంట్లో అసలు తయారే కాదు. సూది మానేస్తే రోజుల్లో పోతుందని డాక్టరు మొదటిరోజే చెప్పారు. ఇదంతా ఆవిడకి వివరంగా చెప్పా. మొత్తం విని, "చెట్ల పాఠాలు చెప్పుకుని బతికేదానివి, చెట్టు మీద నమ్మకం లేకపోతే ఎలాగమ్మా?" అన్నారు.

ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. పాఠం చెప్పేటప్పుడు కూడా అదే గుర్తొచ్చింది.

సెప్టెంబరు 18

మా ఆయన సరుకు లారీవాళ్ళకి చెప్పి గ్లాసులు తెప్పించారు. పేటలో హోల్‌సేల్ కిరాణా అంటే ఈ ఒక్క సుఖం ఉంది, ఏది కావాలన్నా ఏదో ఒక లారీలో వస్తుంది. ఒకటి చెబితే రెండొచ్చాయి. రెండెందుకండీ అంటే, "ఒకటి పగిలితే?" అన్నారు. చెక్క పగలదండీ అన్నా. "నీ చేతిలోనా?" అన్నారు లక్ష్మీకాంత్‌గారు.

నమ్మి తెప్పించలేదు. ఇది రాసుకోవాలి. అసలుదో నకిలీదో చూద్దామని, అంతే. రంగు పూసిన ఏదో చెక్కని వేగిస అని అంటగట్టే వాళ్ళు బోలెడు. బోటనీ లెక్చరర్ ఇంట్లో నకిలీ చెక్క ఉంటే తలవంపులు కదా.

సెప్టెంబరు 26

ఇవాళ బాగుంది. చాలా రోజులకి బాగుంది.

దసరా సెలవులు ఇవ్వకముందే సెకండియర్ పిల్లల్ని కొండపల్లి అడివికి తీసుకెళ్ళా. నందిగామ నుంచి బస్సులో పాటలే పాటలు. కొండ వాలు మీద, దారికి కాస్త లోపలగా, ఒక్కటే నిలబడి ఉంది. కొమ్మల చివర్లన్నీ పసుపు గుత్తులు. దగ్గరికి వెళ్ళేలోపే నాకు తెలిసిపోయింది.

వేగిస. టీరోకార్పస్ మార్సూపియం. పిల్లల్ని చుట్టూ నిలబెట్టి ఒక్కొక్కటీ చూపించా. ఆకు చూడండి, ఈనెకి ఐదో ఏడో పత్రకాలు. ఎదురెదురుగా కాదు, ఒకటి ఇటు, ఒకటి అటు. చివర గోరుతో నొక్కినట్టు చిన్న నొక్కు. మూడే పత్రకాలుంటే అది ఎర్రచందనం, దీనికి తోబుట్టువు. పువ్వు చూడండి, చిక్కుడు కుటుంబమే, రేకుల అంచులు ముడతలు. కింద కిందటేటి ఎండుకాయలు దొరికాయి. గుండ్రంగా, చిన్న అప్పడం మధ్యలో పొంగినట్టు ఉంటాయి. చుట్టూ రెక్క, మధ్యలో గింజ. చెట్టు దాన్ని గాలికి అప్పజెప్పి ఊరుకుంటుంది, ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. పిల్లని అలా గాలికొదిలి నిశ్చింతగా ఉండటం చెట్టుకే చెల్లింది.

ఎవరో మానుమీద గొడ్డలి వేటు వేసి వదిలేశారు. ఆ గాటులోంచి ఎర్రగా కారి గడ్డకట్టి ఉంది. ఒకమ్మాయి నెత్తురనుకుని జడుసుకుంది. జిగురే తల్లీ, దీని జిగురు ఇంతే అన్నా. పిల్లలతోపాటు నవ్వా. పరిటాల తర్వాత నవ్వడం ఇదే.

కింద విరిగిపడ్డ ఎండుకొమ్మ ఒకటి సంచిలో వేసుకున్నా.

సెప్టెంబరు 28

కొమ్మలో చేవ పట్టిన భాగం చెక్కి ఒక గాజు గ్లాసులో నానేశా. లారీ గ్లాసు అడుగునుంచి కాస్త గీకి ఇంకో గాజు గ్లాసులో నానేశా. రెండూ తేనెరంగుకి తిరిగాయి. ఎండలోకి తీసుకెళ్ళి పక్కనుంచి చూస్తే రెండింటిలోనూ నీలం మెరిసింది, కిరసనాయిలు మీద మెరిసినట్టు. రంగు పూసిన చెక్కకి ఈ నీలం రాదు.

అసలుదే. రెండు గ్లాసులూ అసలువే. మా ఆయన్ని కొట్టునుంచి పిలిచి మరీ చూపించా. "చెక్క అసలుదైతే మందు కూడా అసలుదేనా?" అన్నారు. వ్యాపారస్తులకి అన్నిటిలోనూ అనుమానమే.

అత్తయ్యగారు మాత్రం "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, అందుకే నా మాట చాలక కొండకి పోయొచ్చింది" అని నవ్వారు.

అక్టోబరు 1

మొదలుపెట్టాం. తాగి మొహం చిట్లించింది. "వగరుగా ఉందమ్మా, పెన్సిలు కొరికినట్టుంది." తాగమన్నా. తాగింది.

అక్టోబరు 7

నీళ్ళు మొదలుపెట్టాక సూది ఇంకొంచెం తగ్గించా. పొద్దున వేలు గుచ్చి చూస్తే నూటపది! మీటరు చెడిపోయిందేమోనని నా వేలు గుచ్చుకుని చూశా. మీటరు బాగానే ఉంది.

అక్టోబరు 8

నూట ఇరవై.

అక్టోబరు 13

ఇంకా తగ్గించా. అంకెలు కదల్లేదు. మా ఆయన "డాక్టరుకి ఓ మాట చెబుదాం నీరజా" అన్నారు. డిసెంబరులో ఎలాగూ వెళ్తాం, అప్పుడు రిజల్టు చూపించి చెబుదామన్నా. ముందే చెబితే తిడతారు. డాక్టర్లకి సూది తప్ప ఇంకోటి కనబడదు.

సూది పట్టుకుంటే నా చెయ్యి వణకడం తగ్గింది. మైథిలే చెప్పింది. చెప్పి నా భుజం మీద తల పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. ఈ మధ్య మాట్లాడటం తగ్గించింది. ఈడొచ్చే పిల్లలు అంతే.

అక్టోబరు 17

నందిగామ వెళ్ళే బస్సులో ప్రేమదాసు కనబడ్డాడు. "పాప ఎట్టా ఉందండి?" అన్నాడు. ముందు సూది సంగతి చెప్పకూడదనుకున్నా. చెప్పేశా. ఒకటి కాదు, మొత్తం చెప్పా. చెట్టు, ఆకు, నీలం మెరుపు, అంకెలు. మనసులో సంతోషం ఉంటే నోరు ఊరుకుంటుందా?

"నిజంగానా అండీ?" అని సీటు కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. వెనకనుంచి ఎవరో టికెట్ టికెట్ అని అరుస్తున్నా కదల్లేదు. నిస్సీ సూది చూస్తే మంచం కింద దూరుతుందట. ఒకళ్ళు పట్టుకుంటేగానీ వెయ్యలేరట.

అక్టోబరు 22

రెండో గ్లాసు ప్రేమదాసుకి ఇచ్చా.

నా పిల్లని బతికించిన మనిషి. ఇంతకంటే ఏం ఇవ్వగలను? కాగితంలో చుట్టి ఇస్తుంటే రెండు చేతులూ పట్టాడు. "డాక్టరుగారిని అడగాలేమోనండి" అన్నాడు. "డాక్టరుగారు ఆ చెట్టుని చూశారా? నేను చూశా" అన్నా. నవ్వుతూనే అన్నా. "మీరు చదువుకున్నోళ్ళండి, మీకంటేనా" అన్నాడు.

సూది ఒక్కసారిగా మానొద్దని, కొద్దికొద్దిగా తగ్గించమని చెప్పా. జాగ్రత్తగానే చెప్పా.

నవంబరు 2

ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెన్నుల డబ్బా ఎత్తితే తేలిగ్గా అనిపించింది. మా ఆయన ఏదో సర్ది ఉంటారు.

ఇవాళ రాయడానికి ఏమీ లేదు.

నవంబరు 3

ఏమీ లేదు.

నవంబరు 9

మైథిలి గౌను మార్చుకుంటుంటే తొడమీద ఎర్రగా ఒక చుక్క. దోమ కుట్టి ఉంటుంది. వానలు పోయినా మా వీధిలో దోమలు పోలేదు, మునిసిపాలిటీకి చెప్పాలి.

నవంబరు 11

బడికి తయారయ్యేటప్పుడు బాత్‌రూములో ఎక్కువసేపు ఉంటోంది. తలుపు తట్టబోయి ఆగా. ఎందుకు ఆగానంటే, ఆడపిల్ల, దానికీ ఒక మర్యాద ఉంటుంది.

నవంబరు 16

ఇవాళ్టినుంచి సూది లేదు.

ఈ వాక్యం రాసి రెండుసార్లు చదువుకున్నా. పొద్దున గ్లాసు నీళ్ళు తాగించి, సూది వెయ్యకుండా టిఫిన్ పెట్టా. పళ్ళెం ముందు నేనే కూర్చున్నా. రెండు గంటలయ్యాక చూస్తే నూటముప్ఫై. మధ్యాహ్నం కూడా అంతే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నన్ను వెక్కిరిస్తారు కదా. వచ్చి లెక్కపెట్టుకోమనండి.

సాయంత్రం అత్తయ్యగారు వీధిలో అందరికీ పంచదార పంచబోయారు. షుగర్ తగ్గిందని పంచదార పంచడం మా ఇంట్లోనే చూడాలి. వద్దని ఆపా. ఎందుకు ఆపానో నాకే తెలియదు. భయం. ఏదైనా బాగుందని పైకి అంటే పోతుందని భయం.

మైథిలి అన్నం తింటూ నాకేసే చూస్తోంది. "నీకు సంతోషంగా ఉందా అమ్మా?" అంది. ఉందన్నా. "అయితే సరే" అంది.

నవంబరు 20

నిద్రలో లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నా. ఊపిరి బాగానే ఉంది. అంకెలూ బాగానే ఉన్నాయి. మరి నాకెందుకీ దడ? అనుమానం పెనుభూతం అంటారు. దేని మీద అనుమానం నాకు?

నవంబరు 27

బస్సులో ప్రేమదాసు. మనిషి నలిగి ఉన్నాడు. "నిస్సీ ఈ మధ్య నీళ్ళు తెగ తాగుతోందండి. కాస్త చిక్కింది కూడా" అన్నాడు. మీటరు పట్టీలు అయిపోతే మళ్ళీ కొనలేదట, మందు పనిచేస్తున్నప్పుడు రోజూ వేలు గుచ్చి ఏడిపించడం ఎందుకని. కొత్తలో అలాగే ఉంటుంది, ఒళ్ళు సర్దుకోవాలి కదా అన్నా. ఎక్కడ చదివానో ఆ మాట? ఎక్కడా చదవలేదు.

"సగానికి తగ్గించామండి. ఇంక మొత్తం మానేయొచ్చంటారా?" అన్నాడు.

"మేం మానేశాం" అన్నా.

అంతే అన్నా. మానేయమని అనలేదు. మేం మానేశాం అన్నా. అతని మొహం విచ్చుకుంది. "ఇయ్యాళే మా ఇంటావిడకి చెబుతానండి" అన్నాడు.

నందిగామలో దిగాక బస్టాండు అరుగుమీద కాసేపు కూర్చుని కాలేజీకి వెళ్ళా. ఎండ అనుకుంటా. నవంబరులో కూడా ఇంత ఎండ.

నవంబరు 30

విజయవాడ. నిస్సీ ఐసీయూలో ఉంది.

డిసెంబరు 2

మొత్తం రాస్తా. రాయకపోతే నిద్ర రాదు, రాసినా వస్తుందన్న నమ్మకం లేదు.

ఆదివారం పొద్దున పెసరట్లు వేస్తున్నా. అత్తయ్యగారు, మైథిలి తింటున్నారు. నేనే గొప్పగా మొదలుపెట్టా. "ప్రేమదాసు వాళ్ళమ్మాయిక్కూడా సూది మానేశారు అత్తయ్యగారూ. గురువారం చెప్పాడు" అన్నా.

మైథిలి తినడం ఆపేసింది. "ఎవరికి?"

"నిస్సీకి."

"నువ్వు ఆ గ్లాసు ఇచ్చింది వాళ్ళ నాన్నకి కదా? ప్రేమదాసుకి ఇచ్చానని అన్నావు. ఆయన తాగడానికి అనుకున్నా." దాని మొహంలో నెత్తురు లేదు. "అమ్మా, ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి. నేను వేసుకుంటున్నా."

"ఏం వేసుకుంటున్నావు?"

"ఇన్సులిన్. రోజూ. నువ్వు తగ్గించినంతా నేను వేసుకుంటున్నా. మానేశాక మొత్తం నేనే వేసుకుంటున్నా. నీళ్ళు ఏమీ చెయ్యట్లేదమ్మా, ఫోన్ చెయ్యి!"

అట్టు మాడి పొగ వస్తోంది. ఎవరూ స్టవ్ ఆపలేదు. అత్తయ్యగారు "అదేంటే, అదేంటే" అంటున్నారు. మైథిలి ఏడుస్తూ చెబుతోంది. పరిటాల తర్వాత నువ్వు సూది పట్టుకుంటే నన్ను చంపబోతున్నట్టు మొహం పెట్టేదానివి. గ్లాసు వచ్చాక నవ్వావు. నువ్వు మళ్ళీ అలా అయిపోతావని చెప్పలేదు.

ప్రేమదాసుకి ఫోన్ చేశా. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశా. మా ఆయన కారు తీశారు. మైథిలి తన పెన్ను, మీటరు సంచిలో వేసుకుని ముందే వెళ్ళి కూర్చుంది. నందిగామదాకా హైవే మీద చేస్తూనే ఉన్నా. వీరులపాడు రోడ్డెక్కాక కూడా మోగుతూనే ఉంది. ఎత్తవయ్యా, ఎత్తు అని ఫోన్‌ని తిడుతున్నా. దారిలో ప్రతి దేవుడికీ మొక్కా, చర్చి కనబడితే దానికీ మొక్కా.

వాళ్ళింటి తలుపు తీసే ఉంది. నిస్సీ మంచం మీద ఉంది. పరిగెత్తినవాళ్ళకి వచ్చే ఊపిరి, పడుకున్న పిల్లకి వస్తోంది. గదంతా మగ్గిపోయిన పండు వాసన. ముందురోజునుంచి వాంతులట. ప్రేమదాసు మంచం పట్టె మీద కూర్చుని ఆ చెక్క గ్లాసులో నీళ్ళు చెంచాతో దాని నోట్లో పోస్తున్నాడు.

నన్ను చూసి గబుక్కున లేచాడు. "మీరొచ్చారా మేడమ్ గారూ, దేవుడే పంపాడండి. ఎక్కువసార్లు పడితే తగ్గుతుందేమోనని రాత్రినుంచీ పోస్తానే ఉన్నాం" అన్నాడు.

మైథిలే మీటరు తీసి దాని వేలు గుచ్చింది. అంకె రాలేదు. మీటరు కొలవలేనంత ఎక్కువ ఉంటే అంకె రాదు.

కారులో వెనక మైథిలి ఒళ్ళో పడుకోబెట్టాం. "నిద్రపోకు నిస్సీ, నాతో మాట్లాడు" అంటూ మైథిలి దాని చెంపలు తడుతూనే ఉంది. విజయవాడ ఎంత దూరమో ఆవేళ తెలిసింది.

సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి గండం గడిచినట్టే, ఇంకో రెండు మూడు గంటలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నారు. సూది ఎందుకు మానేశారని గట్టిగా అడిగారు. ప్రేమదాసు తల వంచుకున్నాడు. నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

డాక్టరు వెళ్ళాక నా దగ్గరకొచ్చి చేతులు జోడించాడు. "మీరు రాబట్టి దక్కిందండి" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "మాకొచ్చిన గ్లాసే నకిలీది అయ్యుంటదండి. మీ పాపకి పడింది అసలుది. మా రాత అంతే" అన్నాడు.

నేను ఊరుకున్నా. ఇది నా డైరీ, ఇక్కడ కూడా అబద్ధం రాస్తే నన్నెవరు బాగుచేస్తారు? ఊరుకున్నా. ఆ మాట అలాగే ఉండనిద్దామనుకున్నా. చెక్క నకిలీది, తప్పు లారీవాడిది. ఎంత తేలిగ్గా ఉంటుంది.

మైథిలి లేచి అతని ముందుకెళ్ళింది. "రెండూ ఒకటే అంకుల్. అమ్మ పరీక్ష చేసింది, రెండూ అసలువే. నేను దొంగతనంగా సూది వేసుకున్నా. అందుకే నాకు తగ్గింది. నిస్సీకి ఎవరూ వెయ్యలేదు" అంది. గౌను చెయ్యి పైకి లాగి మచ్చలు చూపించింది. అతని భార్య గోడకి జారబడి కూర్చుండిపోయింది.

ప్రేమదాసు మైథిలిని ఏమీ అనలేదు. నాకేసి తిరిగాడు.

"మీకు తెలుసా అండీ ఈ సంగతి?"

తెలియదు అనబోయా. నోటిదాకా వచ్చింది. మైథిలి నన్నే చూస్తోంది.

"అనుమానం ఉంది" అన్నా.

"పాపని అడిగారా?"

"లేదు."

"ఎందుకని అండీ?"

"భయం వేసి" అన్నా. అడిగితే అవునంటుంది, అవునంటే మళ్ళీ సూది నా చేతికొస్తుంది. అంతా చెప్పలేకపోయా. భయం వేసి అని మాత్రం అన్నా.

మా ఆయన ఏదో అనబోతే ప్రేమదాసు చెయ్యెత్తి ఆపాడు. "వెళ్ళు" అన్నాడు నాతో. "మా పిల్ల కళ్ళు తెరిచేసరికి నువ్వు ఇక్కడ కనబడకూడదు. వెళ్ళు."

మెట్లు దిగుతుంటే మైథిలి నా వెనకే వచ్చింది. చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

డిసెంబరు 5

నిస్సీని ఇంటికి పంపారట. మా ఆయన డిపోలో కనుక్కున్నారు.

డిసెంబరు 6

మైథిలి సూది తనే వేసుకుంటోంది, హాల్లో, అందరి ముందూ. నేను పక్కన నిలబడి చూస్తున్నా. అంకె సరిగ్గా తిప్పిందా అని నోరు తెరవబోతే "చూసుకున్నాలే" అంటోంది. అత్తయ్యగారు అప్పట్నించి నాతో మందుల ఊసెత్తలేదు, ఆవిడ మాత్రలు మాత్రం టైముకి మింగుతున్నారు.

డిసెంబరు 11

సెకండియర్ క్లాసులో ఒక పిల్ల లేచి, "వేగిస చెక్కతో షుగర్ తగ్గుతుందంటారు, నిజమేనా మేడమ్?" అంది. ఆకు, పువ్వు, కాయ, జిగురు, ఇవి నాకు తెలుసు, మిగతాది నాకు తెలియదు అన్నా. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

డిసెంబరు 20

మైథిలిని డాక్టరుకి చూపించడానికి విజయవాడ వెళ్ళాం. అన్నీ చెప్పా. తిట్టారు. పడ్డా.

తిరుగు బస్సు ఎక్కి కూర్చున్నాక చూశా, ప్రేమదాసు బస్సు. దిగిపోదామనుకున్నా. మైథిలి కదల్లేదు. అతను ముందు సీట్లనుంచి టికెట్లు కొట్టుకుంటూ వస్తున్నాడు. ఆడవాళ్ళకి టికెట్టు డబ్బుల్లేవు, కార్డు చూపిస్తే చాలు. ఇన్నాళ్ళూ నన్నెప్పుడూ కార్డు అడగలేదు, మేడమ్ గారని తలూపి టికెట్టు ఇచ్చేవాడు.

మా దగ్గరకొచ్చి ఆగాడు. మిషన్‌కేసే చూస్తూ "ఆధార్ కార్డు చూపించండి" అన్నాడు. ఎవరితోనైనా అన్నట్టే అన్నాడు. సంచిలో వెతికి తీసిచ్చా. కార్డు మీద ఫోటో చూశాడు, నా మొహం చూడలేదు. టికెట్టు చించి ఇచ్చాడు.

తర్వాత మైథిలికేసి వంగాడు.

"ఏమన్నా తిన్నావా తల్లీ?"

"తిన్నా అంకుల్. నిస్సీ ఎలా ఉంది?"

"బడికి పోతోంది" అన్నాడు.

అడగాల్సింది నేను. అడగలేదు. క్షమించమనీ అనలేదు. అంటే అతను ఏమంటాడోనని భయం. ఇప్పటికీ భయమే.

జగ్గయ్యపేట వచ్చేదాకా ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ, అతను మా పక్కనుంచి వెళ్తూ వస్తూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా నాకేసి చూడలేదు. మైథిలికేసి మాత్రం ప్రతిసారీ చూశాడు.